ఎండలో పెట్టిన బ్యాటరీలు

మొన్న కాకినాడలో మా చెల్లి ఇంటికి వెళ్లాను. చెల్లి అంటే సొంత చెల్లి కాదు, పిన్ని కూతురు. ముప్పై అయిదేళ్లు వచ్చినా నా కంటికి ఇంకా ఉయ్యాల్లో పిల్లలాగే కనిపిస్తుంది. రెండేళ్ల కొడుక్కి అన్నం తినిపించడానికి ఫోనులో ఏదో పెట్టింది. నేను వంటింట్లో చారుకి పోపు వేస్తున్నాను. ముందుగదిలోంచి, రేకు డబ్బాలో గోలీలు పోసి ఊపినట్టు గలగలమంటూ ఒక వాయిద్యం మొదలైంది. దాని వెనకే ఇంకోటి, సన్నగా. నా చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆవాలు మాడిపోయాయి. ఆ పాటలో ఏ మలుపు తర్వాత ఏ మలుపు వస్తుందో నా ఎడమ చేతి వేళ్లకి తెలుసు. కానీ వాళ్లెవరో ఊరకుక్క తరుముతున్నట్టు వాయించేస్తున్నారు. పిల్లాడు నోట్లో ముద్ద పెట్టుకుని గెంతుతున్నాడు.

గరిటె పట్టుకునే బయటికొచ్చి, "తప్పు వాయిస్తున్నారే వీళ్లు" అన్నాను.

"నీకెలా తెలుసక్కా? ఇది అమెరికా వాళ్లదీ" అంది చెల్లి.

"నీకూ తెలుసు. దీనికే నువ్వు నిద్రపోయేదానివి."

ఆ రాత్రి ఇంటికొచ్చి పాత డైరీ తీశాను. నీలం రెక్సిన్ అట్ట, లోపల బియ్యం తౌడు వాసన. ఆ వాసన ఎందుకొచ్చిందో చెప్పాలంటే కువైట్ దాకా వెళ్లాలి.

నాకప్పుడు ఇరవై ఏళ్లు. డిగ్రీ పరీక్షలు రాసి, పిన్నికి పురుడొస్తే, ఈ చెల్లి పుట్టినప్పుడే, సాయంగా కువైట్‌లోని సాల్మియా వెళ్లాను. బాబాయి అక్కడ ఒక ఆఫీసులో గుమస్తా. నా పెట్టెలో నాలుగు బట్టలు, అయిదు నవలలు, ఈ డైరీ ఉండేవి. చేతిలో మాండలిన్. మాండలిన్ నాలుగేళ్లు నేర్చుకున్నాను గానీ మా మాస్టారు తప్ప విన్నవాళ్లు లేరు. ఆయన కూడా సగం రోజులు కునుకు తీసేవారు, అందుకే నాకు ఆయన దగ్గర బెరుకు ఉండేది కాదు. మిగతా ప్రపంచమంతా బెరుకే. లిఫ్టులో ఎవరైనా ఉన్నారంటే నాలుగంతస్తులూ మెట్లెక్కేదాన్ని. మా బిల్డింగు కాపలాదారు ఒక ఈజిప్టు పెద్దాయన, అక్కడివాళ్లు హారిస్ అంటారు. నేను ఎన్నడూ నోరు తెరవకపోవడం చూసి ఆయన నన్ను మూగపిల్ల అనుకున్నాడు. పాపం, చాలా జాలిగా సైగలతో మాట్లాడేవాడు. కాదని చెప్పాలంటే మాట్లాడాలి కదా. అందుకని నేనూ సైగలే చేసేదాన్ని.

అలాంటి నన్ను రాజంపేటక్క పట్టుకుంది. ఆమె అయిదో అంతస్తులో ఒక అమెరికా దంపతుల ఇంట్లో పని చేసేది. నలభై దాటి ఉంటాయి. పొట్టిగా, గట్టిగా, ముక్కుకి రెండు వైపులా పుడకలతో, గొంతు మాత్రం మూడు వీధులకి వినిపించేలా. నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చుని వాయించుకుంటుంటే ఆ సందులోంచి పైకి వినిపించిందట. ఒక మధ్యాహ్నం తలుపు కొట్టి, పిన్నిని పక్కకి తప్పించుకుని లోపలికొచ్చింది.

"మాండలిన్ వాయించేది నువ్వేనామ్మే? పా, మా మామా పిలస్తాంది."

కువైట్‌లో పనిచేసే ఆడవాళ్లు ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు. ఆ అమెరికావిడ నాకంటే పదేళ్లు పెద్దదేమో, రాజంపేటక్క కంటే చిన్నదే. మామా అని పిలిచినప్పుడల్లా "నేను నీకు అమ్మనెలా అవుతాను?" అని మొత్తుకునేది. "అది అంతేలే మామా" అనేది అక్క.

వాళ్లింట్లో గోడకి ఒక వస్తువు వేలాడేది. మెడ చూస్తే వీణకి చెల్లెల్లా ఉంటుంది, పొట్ట చూస్తే గుండ్రటి చర్మం బిగించిన వాయిద్యం. దాని పేరు బాంజో. ఆవిడ తాతగారి కాలం నాటిదట. అమెరికాలో కొండ ప్రాంతాల వాళ్లు సాయంత్రాలు అరుగుల మీద కూర్చుని దీన్నీ, మాండలిన్‌నీ, ఫిడేలునీ కలిపి వాయించుకుంటారనీ, ఆ సంగీతాన్ని బ్లూగ్రాస్ అంటారనీ ఆవిడ చెప్పింది. రాజంపేటక్కకి ఆ పేరుకి అర్థం చెబితే, "ఈ ఇసకలో గడ్డి పాటేంది తల్లీ" అని నవ్వింది. కానీ ఆ బాంజోని మొదటి రోజు దుమ్ము దులిపినప్పుడే ఆమె ప్రాణం దాని మీదకి పోయింది.

కారణం నాకు తర్వాత చెప్పింది. వాళ్ల నాన్న ఊళ్లో పలక, అంటే డప్పు, కొట్టేవాడు. పెళ్లికీ చావుకీ జాతరకీ ఆయనే. పలక చర్మాన్ని చితుకుల మంట మీద కాచి, వేలితో ఒక్క దెబ్బ వేసి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడట. ఆ కాచే పని మాత్రం కూతురిది. "కాయడానికి పనికొస్తా, కొట్టడానికి పనికి రానంట. ఆడపిల్ల పలక ముట్టుకుని నలుగుర్లో నిలబడితే ఇంటికి మంచిది గాదంట. కాసి కాసి చేతులు మాడ్చుకుండేది నేను, దండలేయించుకుండేది ఆయప్ప."

అమెరికావిడ ఆమెకి బాంజో నేర్పింది. కుడిచేతి బొటనవేలికీ రెండు వేళ్లకీ లోహపు తొడుగులు పెట్టుకుని మీటాలి. అవి పెట్టుకుని అక్క తన చెయ్యి తనే చూసుకుని మురిసిపోయేది. మూడేళ్లలో బాగానే పట్టింది. తాళం మాత్రం ఎవరూ నేర్పలేదు, అది రాజంపేట నుంచే తెచ్చుకుంది. నాకు కష్టమల్లా గమకంతో వచ్చింది. నేను ఏ స్వరం ముట్టినా అలవాటుగా కాస్త ఊగేది. ఆవిడ నవ్వి చెయ్యి నిటారుగా పెట్టి చూపించేది. అక్క దాన్ని తెలుగు చేసేది: "ఊపగాకు పాపా. ఉయ్యాల గాదు అది. నేరుగా కొట్టు."

జూలైలో ఆ దంపతులు సెలవుకి వాళ్ల దేశం వెళ్లారు. వెళ్లేముందు ఆవిడ ఒక ఏర్పాటు చేసింది. సెప్టెంబరు మొదటి శుక్రవారం సాయంత్రం, సముద్రం దగ్గర వాళ్ల స్నేహితుల ఇంట్లో చిన్న బ్లూగ్రాస్ కచేరీ. పదిహేనుమంది వస్తారు. మేమిద్దరం మూడు పాటలు వాయించాలి. రెండు ఆవిడే నేర్పింది. మూడోది క్యాసెట్టులో ఇచ్చి, "నేను వచ్చేసరికి ఇది పట్టండి" అంది. బాంజో కూడా అక్కకి అప్పగించింది. నేను ఆ రాత్రి డైరీలో, "పదిహేనుమంది! జ్వరం వస్తే బాగుండు" అని రాసుకున్నాను.

జ్వరం రాలేదు గానీ ఇరాక్ సైన్యం వచ్చింది. ఆగస్టు మొదట్లో, గురువారం తెల్లారి. తెల్లవార్లూ దూరంగా ఉరుములనుకున్నాం. ఎండాకాలం కువైట్‌లో ఉరుములేమిటని పిన్ని కిటికీ తీస్తే సముద్రపు రోడ్డు మీద ట్యాంకులు పోతున్నాయి. ఆ రోజు పేజీ చూస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "యుద్ధం. పాలపొడి రెండు డబ్బాలున్నాయి. మూడో పాట ఇంకా మొదలుపెట్టలేదు." అంతే రాసి ఉంది.

అమెరికా వాళ్ల కోసం ఇళ్లు వెతుకుతున్నారని తెలియగానే రాజంపేటక్క అయిదో అంతస్తుకి తాళం పెట్టి మా ఇంటికి దిగింది. ఒక చేతిలో బట్టల మూట, ఇంకో చేతిలో దుప్పటి చుట్టిన బాంజో. బాబాయి గబుక్కున తలుపు గడియ పెట్టాడు.

"అమ్మా, నువ్వుండు, వద్దన్లేదు. అది మాత్రం వద్దు. మనింట్లో దొరికితే మనల్ని అమెరికా వాళ్లనుకుంటారు."

"మన మొహాలు చూసి ఎవరనుకుంటారండీ?" అంది పిన్ని.

"సొత్తు గాదన్నా, నమ్మి ఇచ్చినారు. అది యాడుంటే నేనాడ" అంది అక్క. బాంజోని పాప ఉయ్యాల తొట్టెలో పరుపు కింద దాచాం. నా డైరీ బియ్యం డబ్బాలోకి వెళ్లింది.

ఒకసారి ఇద్దరు సైనికులు ఫ్లాటు చూడటానికొచ్చారు. అందులో ఒకడికి నా వయసే ఉంటుంది. బూట్ల లేసులు కూడా సరిగ్గా కట్టుకోలేదు. వాళ్లు ముందుగదిలో నిలబడి ఉండగా తొట్టెలో పాప కాలు విదిలించింది. 'టంగ్' మంది. ఎవరూ కదలలేదు. పాపకి ఆ శబ్దం నచ్చినట్టుంది, మళ్లీ తన్నింది. 'టంగ్'. సైనికుడు తొట్టె వైపు తిరిగాడు. రాజంపేటక్క ఎక్కడా తొణక్కుండా అరబ్బీలో "పిల్ల బొమ్మ" అని చెప్పి, తొట్టె ఊపుతూ జోలపాట అందుకుంది. ఆ గొంతుకి వాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. మంచినీళ్లు తాగి వెళ్లిపోయారు. బాబాయి ఆ పూట అన్నం తినలేదు. మేం ముగ్గురం ఆడవాళ్లం మాత్రం గుడ్డలు నోట్లో కుక్కుకుని గంటసేపు నవ్వాం.

కచేరీ సంగతి ఇక ముగిసిపోయిందని నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను. అక్క పీల్చుకోలేదు. ఖుబ్బూస్ రొట్టెల కోసం క్యూలో నిలబడినప్పుడు అంది: "మామా రాకపోతే ఏమాయ? బిల్డింగులో మనుసులు లేరా? అదే శుక్రవారం వాయిద్దాం."

"ఇప్పుడెందుకక్కా?"

క్యూ కదిలితే ఆమె ఒక అడుగు ముందుకి జరిగింది. "మనల్ని ఊరికి పంపిస్తారంట. పోయినాక నాకు బాంజో యాడిది పాపా? ఇది మామాది, తీసకపోను. తీసకపోయినా దావలో లాక్కుంటారు. ఆరేండ్లు వీళ్ల నేల తుడిచినా, ఒక్క పూట వీళ్ల ముందర కూసోని వాయించాల. ఒక్క పూట చాలు. నువ్వు లేకుంటే అది సగం పాట."

కాదనడానికి కూడా మాట్లాడాలి కదా. ఒక షరతు పెట్టాను. జనం వైపు వీపు పెట్టి, స్తంభానికి ఎదురుగా కూర్చుంటానన్నాను. "గోడలో దూరి వాయించినా సరే" అంది.

సాధన బిల్డింగు కింద బేస్‌మెంట్‌లో, కార్లు నిలిపే చోట. వీధిలోకి వినపడదు. అయితే అక్కడ ఉక్కకి బాంజో చర్మం సడలి, తడి అట్టలా శబ్దం చేసేది. అక్కకి ఇది చిన్నప్పటి విద్య. దాన్ని మేడ మీదకి తీసుకెళ్లి ఎండ వైపు తిప్పి పట్టుకునేది, వేలితో ఒక్క దెబ్బ వేసి చెవి ఆనించేది. కువైట్ ఆగస్టు ఎండకి చితుకుల మంట ఎందుకు, నాలుగు నిమిషాల్లో కంచులా మోగేది. దాంతో కిందకి పరుగెత్తుకొచ్చి, మళ్లీ సడలేలోగా వాయించుకోవడం. వంటలో ఉండగా లేచొస్తే ఆమె వేళ్ల పసుపు చర్మానికి అంటేది.

మూడో పాట క్యాసెట్టు వినడానికి అక్కడ కరెంటు ప్లగ్గు లేదు. టేపు బ్యాటరీల మీదే నడవాలి. దుకాణాలు ఖాళీ అయిపోయి బ్యాటరీ అన్నది కంటికి కనిపించడం లేదు. ఇంట్లో ఉన్నవి బాబాయి రేడియోకి కావాలి. వార్తలు వినకపోతే ఆయన నిలవలేడు. ఒప్పందం ఏమిటంటే, రేడియోలో గొంతు తగ్గిపోయిన బ్యాటరీలు మాకిస్తాడు. మన ఇళ్లలో అందరూ చేసేదే చేశాం, వాటిని తీసి ఎండలో పెట్టాం. మేడ మీద గోడ అంచున వరసగా నాలుగు బ్యాటరీలు, పక్కన బాంజో, దాని పక్కన పిన్ని పెట్టిన ఉప్పు మిరపకాయలు. ఎండిన బ్యాటరీలకి ఒక అరగంట ప్రాణం వచ్చేది.

అలా మూడు వారాలు. క్యాసెట్టు ఎలా పలికితే అలా మేం వాయించేవాళ్లం. శ్రుతిపెట్టె లేదు, మాకు క్యాసెట్టే శ్రుతి. రోజూ కూర్చోగానే నా మాండలిన్ క్యాసెట్టు కంటే కాస్త పైన ఉండేది. వేడికి తీగలు బిగిసిపోతున్నాయని నాకు నేనే చెప్పుకుని, రోజూ కాస్త కాస్త దించేదాన్ని. వేడికి తీగలు సడలాలి గానీ బిగియడమేమిటన్న ఆలోచన, నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్న నా బుర్రకి తట్టలేదు. అక్క తాళం కూడా రోజురోజుకీ నిదానించింది. "ఇది భలే నింపాదైన పాట పాపా. మొదటి రెండిట్లా తొందర లేదు దీనికి" అనేది. నాకూ హాయిగా ఉండేది. నిదానం కనక, ఊపవద్దన్న స్వరం దగ్గర కూడా దొంగతనంగా ఒక చిన్న ఊపు పట్టేది.

శుక్రవారం ఇంకా రెండు రోజులుందనగా బాబాయి ఊరికి పంపేవాళ్ల జాబితా చూసుకుని వచ్చాడు. మా పేర్లూ అక్క పేరూ ఉన్నాయి. బస్రా మీదుగా జోర్డాన్ వెళ్లే బస్సు. గురువారం పొద్దున ఆరింటికి గుమ్మం ముందు ఉండాలి.

"అయితే ఖలాస్" అంది రాజంపేటక్క. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడగా నేను వినడం అదే మొదలు. లేచి వెళ్లి పాప బట్టలు మడతపెట్టడం మొదలెట్టింది. మడిచినవే మళ్లీ మడిచింది. నిజం చెప్పాలంటే నాకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. డైరీలో అదీ రాసుకున్నాను, ఆమె చేతులవైపు చూశాక కొట్టేశాను కూడా.

గురువారం ఆరింటికి బిల్డింగు కింద హాల్లో అందరం పెట్టెల మీద కూర్చున్నాం. మా బిల్డింగు వాళ్లూ, పక్క రెండు బిల్డింగుల వాళ్లూ. కడప వాళ్లు, అమలాపురం వాళ్లు, కొందరు కేరళ వాళ్లు, ఉండిపోతున్న హారిస్. ఏడయింది. ఎనిమిదయింది. బస్సు లేదు. పిల్లల ఏడుపులు మొదలయ్యాయి. బాబాయి రేడియో కూడా మూగబోయింది. అక్క బాంజోని హారిస్‌కి అప్పగించడానికి దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుంది, గానీ ఇవ్వడం లేదు. దుప్పటి మీద వేళ్లతో దరువు వేస్తోంది.

పిన్ని చూసింది. "ఇంకా ఎప్పుడు వాయిస్తారే? బస్సు ఎలాగూ రాదు" అంది. ఈ మాట పెద్దగా అంది. నలుగురూ తిరిగి చూశారు.

నేను మాట ప్రకారం స్తంభం దగ్గరికి వెళ్లి దానికి ఎదురుగా కూర్చున్నాను. అక్క హారిస్ కుర్చీ లాక్కుని జనం వైపు కూర్చుంది. ఆమె అరబ్బీలో పదమన్నట్టు "యల్లా" అంటే నేను మొదలుపెట్టాలి. మొదటి రెండూ వద్దు, మూడోదే అనుకున్నాం. స్తంభం మీద పెయింటు పెచ్చులు చూస్తూ ఎదురుచూశాను. యల్లా వినపడలేదు. దగ్గులు వినిపించాయి. ఎవరో కుర్రాళ్లు, "అక్కా, చీపురు మర్చిపోయినట్టుండావే!" అన్నారు. నవ్వులు. మామూలుగా అయితే ఆ మాటకి ఆమె ఇచ్చే సమాధానానికి వాడు కడప దాకా నడిచిపోవాలి. ఏమీ వినపడలేదు.

తిరిగి చూశాను. రాజంపేటక్క వేళ్లకి తొడుగులు పెట్టుకుని, చెయ్యి తీగల మీద పెట్టి, అలాగే ఉండిపోయింది. అందరూ తననే చూస్తున్నారు. ఆరేళ్లు మెట్ల మీద తను పక్కకి తప్పుకుని దారిచ్చింది వాళ్లకే. ఆమె పెదాలు కదులుతున్నాయి గానీ శబ్దం లేదు.

ఆమెని చూడాలంటే నేను పూర్తిగా ఇటు తిరగాలి. తిరిగాను. నలభై అయిదు మంది అని డైరీలో ఉంది, ఎప్పుడు లెక్కపెట్టానో తెలియదు.

"యల్లా అక్కా" అన్నాను.

నా గొంతు హాలంతా వినిపించింది. హారిస్ తన చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేసి రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దణ్ణం పెట్టాడు. మూగపిల్లకి మాటొచ్చిందని పక్కవాళ్లందరికీ చెప్పాడు. జనం నవ్వారు, అక్క కూడా నవ్వింది. ఆ నవ్వులో ఆమె చెయ్యి కదిలింది.

మేం ఎలా వాయించామో నేను చెప్పకూడదు. జరిగింది చెబుతాను. పాట నిదానంగా, నీళ్ల బిందె ఎత్తుకుని నడిచే మనిషిలా, ఎక్కడా తొణక్కుండా సాగింది. పిల్లల ఏడుపులు ఒక్కొక్కటే ఆగాయి. పిన్ని ఒళ్లో పాప నిద్రపోయింది. పాట అయ్యాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పిల్లలు లేస్తారని. ఇందాకటి కుర్రాడే గుసగుసగా, "ఇంగోసారి వాయించక్కా" అన్నాడు. రెండోసారి సగంలో ఉండగా బస్సు హారన్ వినిపించింది. ఎవరూ లేవలేదు. అక్క కళ్లు మూసుకుని చివరిదాకా వాయించింది. డ్రైవరు లోపలికొచ్చి తిడదామని నోరు తెరిచి, చూసి, గడప మీద కూర్చుండిపోయాడు. చివరి మీటు మీటాక ఆమె తొడుగులు తీసి దుప్పట్లో పెట్టి, బాంజోని హారిస్ చేతుల్లో పెట్టింది. బస్సెక్కాక జోర్డాన్ దాకా ఆ మూడు వేళ్లూ చూసుకుంటూ కూర్చుంది.

రెండేళ్ల తర్వాత అమెరికావిడ రాసిన ఉత్తరం ఆఫీసులూ ఊళ్లూ తిరిగి మాకు చేరింది. హారిస్ బాంజోని నీళ్ల ట్యాంకు వెనక దాచి, తిరిగొచ్చాక ఆవిడకి ఇచ్చాడట. చర్మం మీద పసుపు వేలిముద్రలున్నాయనీ, తుడవలేదనీ రాసింది.

మొన్న చెల్లి ఇంట్లో ఆ పాట విన్నాక, పాట వేగం తగ్గించే మీట ఒకటి ఫోనులో ఉంటుందని చెల్లే చూపించింది. దాన్ని దించుతూ పోయాను. ఇంకొంచెం, ఇంకొంచెం. ఒక చోట నా వేలు ఆగింది, అదీ మా పాట. గెంతుతున్న పిల్లాడు కూర్చున్నాడు. కాసేపటికి వాడి తల తల్లి భుజం మీద వాలింది. అప్పుడు గానీ నాకు మేడ మీది నాలుగు బ్యాటరీలు గుర్తుకు రాలేదు. రోజూ ప్రాణం పోతున్న బ్యాటరీలకి టేపు నిదానంగా తిరిగితే, దాని వెనక మేమిద్దరం బుద్ధిగా నడిచి, గుర్రంలాంటి పాటని జోలపాట చేశాం.

రాజంపేటక్కకి ఫోన్ చేశాను. డెబ్బై అయిదు దాటాయి, గొంతు అలాగే ఉంది. ముందు అసలు వేగంలో వినిపించాను. విని, "ఏందిమ్మే ఇది, యాడో బస్సు తప్పిపోతాదన్నట్టు వాయిస్తాండారు?" అంది. తర్వాత మా వేగంలో వినిపించాను. ఫోనుకి అటువైపు బల్ల మీదో, ఒళ్లోనో, మూడు వేళ్లు మీటుతున్న చప్పుడు వినిపించింది.

ఇన్నేళ్లు ఎలా గడిచాయో తెలియలేదని నేనూ అందరిలాగే అంటుంటాను. ఆ ఒక్క గురువారం మాత్రం ఎండలో పెట్టిన బ్యాటరీ మీద నడిచింది కాబోలు, నాలో ఇంకా అయిపోలేదు.